నేరారోపణ – న్యాయరక్షణ

పాఠ్యభాగ ఉద్దేశం

నేరం మోపబడిన వ్యక్తికి భారత రాజ్యాంగం, చట్టాలు కల్పించిన రక్షణలను తెలియజేయడం, ఆపద సమయంలో ప్రజలు సాధారణంగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు అందించడం, నింద వేరు నిర్ధారణ వేరు అనే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ముఖ్యోద్దేశం.

పాఠం

ఒక ఇంటి ముందు పోలీసు వాహనం ఆగిందంటే ఇరుగుపొరుగు వారి చూపులన్నీ ఆ ఇంటి మీదనే నిలుస్తాయి. లోపల ఏమి జరిగిందో ఎవరికీ తెలియదు. అయినా పొద్దు గుంకేలోగా రచ్చబండ మీద తీర్పు వెలువడిపోతుంది. న్యాయస్థానం నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి సాక్ష్యాధారాలను పరిశీలించి చెప్పవలసిన మాటను లోకం ఒక్క పూటలో చెప్పివేస్తుంది. ఆ ఇంటివారికి మాత్రం కాళ్లు చేతులు ఆడవు. ఎవరిని అడగాలో, ఏమి అడగాలో తెలియదు. ఆ అజ్ఞానమే వారిని మధ్యవర్తుల పాలు చేస్తుంది. అప్పుల పాలు కూడా చేస్తుంది.

నేరం మోపబడిన వ్యక్తిని తెలుగు కచేరీలలో ‘ముద్దాయి’ అనడం వాడుక. ముద్దాయి వేరు, నేరస్థుడు వేరు. ఆరోపణ చేసినవారే దానిని నిరూపించాలి. సంశయానికి తావులేకుండా నేరం రుజువైనప్పుడే ముద్దాయి నేరస్థుడవుతాడు. అంతవరకు అతడు నిర్దోషి కిందనే లెక్క. కొన్ని ప్రత్యేక చట్టాలలో కొంత నిరూపణ భారం ముద్దాయి మీద పడినా, నేర న్యాయ వ్యవస్థ అంతటికీ పునాది ఈ సూత్రమే.

ఈ విషయంలో రాజ్యాంగంలోని మూడు అధికరణాలు పెట్టనికోటల వంటివి. చేసిన నాటికి నేరం కాని పనికి తరువాత వచ్చిన చట్టంతో శిక్ష వేయరాదనీ, ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించరాదనీ, ఎవరినీ తమకు తామే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుకొమ్మని నిర్బంధించరాదనీ 20వ అధికరణం చెబుతున్నది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్ని గాని, స్వేచ్ఛను గాని హరించరాదని 21వ అధికరణం శాసిస్తున్నది. అరెస్టయిన వ్యక్తి హక్కులను 22వ అధికరణం వివరిస్తున్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం, 1973 నాటి నేర విచారణ స్మృతి స్థానంలో 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ సాక్ష్య అధినియం, భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు మాత్రం పాత శిక్షాస్మృతియే వర్తిస్తుంది.

కేసు నమోదైతే అరెస్టు తప్పదా?

ఎక్కువమంది మొదట అడిగే ప్రశ్న ఇది. తప్పదని చట్టం ఎక్కడా చెప్పలేదు. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగిన నేరం గురించి సమాచారం అందినప్పుడు ప్రథమ సమాచార నివేదిక, అనగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలసిందేనని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఫిర్యాదును ఏ ఠాణాలోనైనా ఇవ్వవచ్చు. ఇది బాధితునికి ఉన్న రక్షణ. అయితే ఎఫ్.ఐ.ఆర్. దర్యాప్తుకు ఆరంభం మాత్రమే. అది తీర్పు కాదు. సున్నితమైన కేసులలో తప్ప ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని పోలీసు వెబ్‌సైటులో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కనుక తన మీద వచ్చిన ఆరోపణ ఏమిటో ముద్దాయి చదివి తెలుసుకొనే వీలున్నది.

ఏడు సంవత్సరాల లోపు శిక్ష పడదగిన నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్ణేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అరెస్టు అవసరమెందుకో పోలీసు అధికారి కారణాలు వ్రాయాలి. అవసరం లేనప్పుడు హాజరు కావలసిందిగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకొన్న వ్యక్తి చెప్పిన తేదీకి హాజరై దర్యాప్తుకు సహకరించినంత కాలం, కారణాలు వ్రాస్తే తప్ప అతనిని అరెస్టు చేయరాదు. నోటీసును చూసి భయపడి ఊరు విడిచిపోయేవారు తమ రక్షణను తామే చేజార్చుకొంటారు. మూడేళ్ల లోపు శిక్ష గల నేరమై, ఆ వ్యక్తి అరవై ఏళ్లు దాటినవాడో, అశక్తుడో అయినప్పుడు డి.ఎస్.పి. స్థాయికి తగ్గని అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయరాదని కొత్త సంహిత చెబుతున్నది.

అరెస్టు చేసినప్పుడు ఏమి అడగాలి?

అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించే గుర్తును ధరించాలి. అరెస్టు పత్రం వ్రాసి, దానిపై కుటుంబసభ్యునిచేత గాని, ఆ ప్రాంతపు పెద్దమనిషిచేత గాని సాక్షి సంతకం చేయించాలి. ముద్దాయి కూడా దానిపై సంతకం చేయాలి. అతడు కోరిన బంధువుకో, స్నేహితునికో కబురు అందించాలి. వైద్య పరీక్ష జరిపించాలి. పశ్చిమ బెంగాల్‌కు సంబంధించిన డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు వీటికి మూలం. లాకప్పు గోడల చాటున ప్రాణాలు పోతున్న దుస్థితిని చూసి న్యాయస్థానం ఈ నియమాలను ఏర్పరిచింది. ఆ తరువాత ఇవి చట్టంలోనే చోటు చేసుకొన్నాయి.

‘ఎందుకు అరెస్టు చేస్తున్నారు?’ అని అడగడం ధిక్కారం కాదు. కారణం తెలుసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఆ కారణాలను అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో, వ్రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు తప్ప మరొక భాష రాని కూలీ చేతిలో ఆంగ్ల పత్రం పెట్టి సంతకం తీసుకొంటే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది. ప్రత్యేక పరిస్థితులలో మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి పొందితే తప్ప స్త్రీలను సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయరాదు.

వీటన్నింటిలోకి ముఖ్యమైనది ఇరవైనాలుగు గంటల నియమం. అరెస్టయిన వ్యక్తిని ప్రయాణ కాలం మినహా 24 గంటలలోగా మెజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. ఆ క్షణాన ముద్దాయి మొదటిసారిగా పోలీసుల చేతిలో నుండి న్యాయాధికారి కంటి ముందుకు వస్తాడు. దెబ్బలు తగిలినా, కారణం చెప్పకపోయినా, ఇంటికి కబురు చేయకపోయినా అక్కడ నోరు విప్పి చెప్పుకోవచ్చు. మౌనంగా ఉండిపోతే ఆ అవకాశం దాటిపోతుంది.

ప్రతి ప్రశ్నకు జవాబు చెప్పవలసిందేనా?

ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని 1977లో విచారణకై కటక్‌లోని విజిలెన్సు పోలీసు స్టేషనుకు పిలిచి వ్రాతపూర్వకంగా ప్రశ్నలు ఇచ్చారు. ఆమె జవాబులు ఇవ్వనందుకు కేసు పెట్టారు. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. తనను నేరంలో ఇరికించే ప్రశ్నలకు మౌనం వహించే హక్కు పోలీసు విచారణలో కూడా వర్తిస్తుందని 1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. స్త్రీని ఆమె నివాసంలో కాక ఠాణాకు పిలిపించి విచారించడం చట్టవిరుద్ధమని కూడా ఆ తీర్పు గుర్తుచేసింది.

అయితే ఈ హక్కుకు హద్దు ఉన్నది. వ్రేలిముద్రలు, చేవ్రాత నమూనాలు ఇవ్వడం తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నార్కో పరీక్ష, అబద్ధాలను పసిగట్టే పాలిగ్రాఫ్ పరీక్ష వంటివి మాత్రం ఆ వ్యక్తి సమ్మతి లేకుండా జరపరాదని 2010లో సెల్వి కేసులో నిర్ణయించింది.

పోలీసుల ఎదుట నేరం ఒప్పుకొన్నట్లు వ్రాసిన మాటలతో కోర్టులో నేరాన్ని రుజువు చేయరాదు. ఆ ఒప్పుకోలు వల్ల ఒక వస్తువు బయటపడితే, దానికి సంబంధించినంత మేరకే ఆ మాటలు చెల్లుతాయి. దర్యాప్తులో ఇచ్చిన వాఙ్మూలంపై సంతకం చేయవలసిన పని కూడా లేదు. ఖాళీ కాగితాలపై సంతకం ఎన్నడూ చేయరాదు. విచారణ సమయంలో న్యాయవాదిని కలుసుకొనే హక్కు ఉన్నది. కాని విచారణ జరిగినంతసేపూ న్యాయవాది ప్రక్కనే ఉండాలని కోరే వీలు లేదు.

వకీలును పెట్టుకొనే స్తోమత లేకపోతే?

అరుణాచల్ ప్రదేశ్ కేంద్రపాలిత ప్రాంతంగా ఉన్న కాలంలో సుఖ్ దాస్ అనే ప్రభుత్వోద్యోగికి, ఒక ఇంజనీరును బెదిరించారన్న కేసులో రెండేళ్ల శిక్ష పడింది. విచారణలో అతనికి న్యాయవాది లేడు. ఉచితంగా న్యాయవాదిని ఇస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు, అతడూ అడగలేదు. ‘అడగలేదు గదా’ అన్న వాదాన్ని 1986లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చింది. హక్కు ఉన్నదని తెలియనివాడు దానిని ఎట్లా అడుగుతాడు? న్యాయ సహాయం పొందవచ్చునని ముద్దాయికి తెలియజేయడం న్యాయాధికారి విధి అని చెప్పి ఆ శిక్షను రద్దు చేసింది.

1976లో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని ఆదేశిక సూత్రంగా చేసింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం దానికి రూపం ఇచ్చింది. నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తి, స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు, వాటి కింద మండల న్యాయ సేవాధికార సంఘాలు పనిచేస్తున్నాయి. 15100 నంబరుకు ఫోను చేసి కూడా సహాయం కోరవచ్చు. తెల్లకాగితం మీద తెలుగులో వ్రాసి ఇచ్చిన అర్జీ కూడా చాలు.

బెయిలు దయయా, హక్కా?

నేరాలు బెయిలు ఇవ్వదగినవి, ఇవ్వడం కోర్టు విచక్షణకు లోబడినవి అని రెండు విధాలు. మొదటి తరగతి నేరాలలో బెయిలు హక్కు. పోలీసు అధికారియే ఇవ్వాలి. రెండవ తరగతిలో న్యాయస్థానం నిర్ణయిస్తుంది. ముద్దాయి పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, నేరం ఎంత తీవ్రమైనది అనే అంశాలను పరిశీలిస్తుంది. అరెస్టు జరుగుతుందన్న భయానికి తగిన కారణం ఉన్నవారు సెషన్సు కోర్టులో గాని హైకోర్టులో గాని ముందస్తు బెయిలు కోరవచ్చు. దర్యాప్తు నిర్ణీత కాలంలో పూర్తికాకపోతే కూడా బెయిలు హక్కుగా లభిస్తుంది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష, పదేళ్లు అంతకు మించిన శిక్ష పడదగిన నేరాలలో 90 రోజులు, ఇతర నేరాలలో 60 రోజులు ఆ గడువు. అయితే గడువు దాటిన వెంటనే, చార్జిషీటు దాఖలయ్యేలోగా బెయిలు కోరాలి.

బెయిలు మంజూరైనా విడుదల కానివారున్నారు. మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ ఒక పేద తాపీ మేస్త్రీ. అతనిని విడుదల చేయవలసిందిగా సుప్రీంకోర్టు ఆదేశించింది. కింది కోర్టు పదివేల రూపాయల పూచీకత్తు అడిగింది. అతని సోదరుడు పూచీ ఉంటానని ముందుకు వస్తే, అతడూ అతని ఆస్తీ మరో జిల్లాలో ఉన్నాయని నిరాకరించింది. మేస్త్రీ మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. వెయ్యి రూపాయల సొంత బాండు మీద అతనిని విడిచిపెట్టాలని 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆదేశించారు. పేదవాని స్తోమతకు మించిన పూచీకత్తు అడగడం బెయిలును నిరాకరించడంతో సమానమని ఆ తీర్పు సారాంశం.

మరుసటి సంవత్సరం ఇంతకంటె ఘోరమైన నిజం వెలుగు చూసింది. బీహారు జైళ్లలో, తమపై మోపిన నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్షకంటె ఎక్కువ కాలం విచారణ లేకుండానే మగ్గుతున్నవారున్నారని పత్రికలలో కథనాలు వచ్చాయి. న్యాయవాది కపిలా హింగోరాణీ వారి పక్షాన సుప్రీంకోర్టును ఆశ్రయించారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. సత్వర విచారణ 21వ అధికరణంలో ఇమిడి ఉన్న ప్రాథమిక హక్కు అని 1979లో జస్టిస్ పి.ఎన్. భగవతి ప్రకటించారు. బందీలు ఎందరో విడుదలయ్యారు. వారు కోల్పోయిన ఏళ్లను మాత్రం ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేకపోయింది.

కొత్త సంహిత ప్రకారం బెయిలు ఇవ్వదగిన నేరంలో అరెస్టయిన వ్యక్తి వారం రోజులలోగా పూచీదారును తేలేకపోతే అతనిని నిరుపేదగా భావించి సొంత బాండుపై విడిచిపెట్టాలి. విచారణలో ఉన్న ఖైదీ గరిష్ఠ శిక్షలో సగం కాలం జైలులో గడిపితే విడుదలకు అర్హుడు. అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివానికి మూడవ వంతు కాలం చాలు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు, ఒకటికంటె ఎక్కువ కేసులు ఉన్నవారికి ఈ సౌలభ్యం వర్తించదు. అర్హత వచ్చిన ఖైదీ గురించి కోర్టుకు వ్రాయడం జైలు సూపరింటెండెంటు బాధ్యత.

విచారణ ఎట్లా సాగుతుంది?

దర్యాప్తు ముగిసిన తరువాత పోలీసులు చార్జిషీటు దాఖలు చేస్తారు. దాని ప్రతినీ, సాక్షుల వాఙ్మూలాలనూ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. ఆధారాలు లేవని తోస్తే కోర్టు ఆ దశలోనే కేసునుండి విముక్తి కలిగిస్తుంది. లేకుంటే అభియోగాన్ని చదివి వినిపించి, నేరం ఒప్పుకొంటావా అని అడుగుతుంది. ‘ఒప్పుకొంటే వాయిదాల బాధ తప్పుతుంది’ అని సలహా ఇచ్చేవారుంటారు. కాని ఒప్పుకొన్న నేరానికి శిక్ష మాత్రమే కాక మచ్చ కూడా మిగులుతుంది. న్యాయవాదిని సంప్రదించకుండా ఆ మాట అనరాదు. రాజీకి వీలున్న స్వల్ప నేరాలలో ఉభయులూ ఒక అంగీకారానికి వచ్చి లోక్ అదాలత్‌లో కేసు ముగించుకోవచ్చు. శిక్ష పడితే తీర్పు ప్రతి ఉచితంగా లభిస్తుంది. పై కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు.

పద్దెనిమిదేళ్లు నిండనివారి సంగతి?

జూనియర్ కళాశాల విద్యార్థులలో చాలామంది ఈ వయస్సువారే. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం వీరిని లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదు. తల్లిదండ్రులకు వెంటనే కబురు చేసి, 24 గంటలలోగా బాల న్యాయ మండలి ఎదుట హాజరుపరచాలి. వారి పేరు, ఛాయాచిత్రం ప్రచురించరాదు. పదహారేళ్లు నిండినవారు అతి తీవ్రమైన నేరం చేశారన్న ఆరోపణ ఉంటే, మండలి వారి మానసిక పరిణతిని అంచనా వేసి, పెద్దవారి వలె విచారించవలసి ఉన్నదో లేదో నిర్ణయిస్తుంది. అట్లా విచారింపబడి దోషులుగా తేలినవారికి తప్ప, బాల్యంలో జరిగిన తప్పు చదువుకూ ఉద్యోగానికీ అనర్హత కారాదని ఆ చట్టం చెబుతున్నది.

పెద్దవారి విషయంలో, ఉద్యోగ దరఖాస్తులో కేసుల వివరాలు అడిగినప్పుడు నిజం వ్రాయాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిర్దోషిగా తేలిన అభ్యర్థి కూడా దాచిపెట్టిన కారణంగా ఉద్యోగాన్ని పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది.

ముగింపు

ఇన్ని రక్షణలు దోషులను తప్పించడానికేనా అన్న సందేహం కొందరికి కలుగుతుంది. సక్రమంగా జరగని దర్యాప్తులో నిర్దోషి జైలు పాలవుతాడు. అసలు దోషి వీధిలో తిరుగుతాడు. అప్పుడు బాధితునికి కూడా న్యాయం జరగదు. న్యాయోచితమైన విచారణ ఇద్దరికీ అవసరమే. చట్టం పుస్తకంలో వ్రాసిన హక్కు దానంతట అది లేచి వచ్చి ఎవరినీ కాపాడదు. దానిని ఎరిగినవారు అడగాలి, ఎరుగనివారికి చెప్పాలి. అక్షరజ్ఞానం లేని ఇంటి ముందు పోలీసు వాహనం ఆగిన నాడు, ఆ వీధిలో చదువుకొన్న ఒక్క విద్యార్థి ధైర్యంగా ముందుకు వచ్చి ‘అరెస్టుకు కారణం వ్రాసి ఇవ్వండి’ అని వినయంగా అడగగలిగితే ఆ చదువు సార్థకమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

పెట్టనికోట = సహజమైన రక్షణ
వాఙ్మూలం = నోటితో చెప్పిన సాక్ష్యం
పూచీకత్తు = జామీను, హామీ
అభియోగం = నేరారోపణ
స్తోమత = శక్తి, ఆర్థిక బలం
విచక్షణ = మంచి చెడులను వివేచించడం
పరిణతి = పక్వత

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అరెస్టయిన వ్యక్తికి రాజ్యాంగం, చట్టాలు కల్పించిన రక్షణలను వివరించండి.
2. ‘బెయిలు పేదవానికి అందినప్పుడే న్యాయం’ – పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ముద్దాయికి, నేరస్థునికి గల భేదమేమి?
2. సుఖ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఏమి చెప్పింది?
3. మౌనం వహించే హక్కుకు గల హద్దులేవి?
4. బాల న్యాయ చట్టం ఎవరికి, ఎట్లా రక్షణ కల్పిస్తుంది?

ఇ) సంధులు
న్యాయాధికారి = న్యాయ + అధికారి – సవర్ణదీర్ఘ సంధి
న్యాయోచితం = న్యాయ + ఉచితం – గుణసంధి
అభ్యర్థి = అభి + అర్థి – యణాదేశ సంధి

ఈ) సమాసాలు
తల్లిదండ్రులు – తల్లియును తండ్రియును – ద్వంద్వ సమాసం
ప్రయాణ కాలం – ప్రయాణము యొక్క కాలం – షష్ఠీ తత్పురుష సమాసం